తట్టు పోస్తే పస్తు పెట్టరాదు

పిల్లలకు తట్టు పోస్తే అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి, పథ్యం పేరుతో పస్తులుంచడం పల్లెల్లో ఇంకా పూర్తిగా పోలేదు. వేపమండలతో ముప్పు లేదు. బిడ్డను వేరుగా ఉంచడం మంచిదే. ముప్పంతా పస్తుతోనూ, ఆలస్యంతోనూ.

ముందు జ్వరం, దగ్గు, జలుబు, కళ్ళు ఎర్రబడటం. కొద్ది రోజులకు చెవుల వెనుక, ముఖంపై ఎర్రని దద్దుర్లు లేచి కిందికి పాకుతాయి. అవి లేచిన 4 రోజుల వరకు వ్యాధి ఇతరులకు అంటుతుంది.

ఈ వైరస్‌ను చంపే మందు లేదు. ప్రాణం తీసేది ఎక్కువగా ఆ వెంట వచ్చే న్యుమోనియా, విరేచనాలే. కనుక గంజి, పాలు, నీళ్ళు మానరాదు. ఆస్పత్రిలో వరుసగా 2 రోజులు ఇచ్చే విటమిన్ ‘ఎ’ చూపును కాపాడుతుంది. ఎగశ్వాస, ఫిట్స్ కనిపించినా, బిడ్డ పాలు తాగలేకపోయినా క్షణం ఆగరాదు.

టీకా 1985 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. 9 నెలలు నిండాక ఒకటి, 16-24 నెలల మధ్య రెండోది. ఆ రెండోది తప్పిన పిల్లలను ఇల్లిల్లూ తిరిగి గుర్తిస్తేనే ఊరికి రక్షణ.