సంతకం పెట్టే ముందు ఒక్క మాట

ఈ వారం వంటింటి కబుర్లు కాస్త పక్కన పెడదాం. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పిల్లలు చదువులకని హైదరాబాదు చేరుతున్నారు కదా. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ చూశాక, భూపాలపల్లిలో ఉండే మా చెల్లెలి కొడుక్కి కార్ల పందేల మోజు పట్టుకుంది.

ఆ అబ్బాయి సరదా పందేలకని రెండు చోట్ల పేరు ఇచ్చాడు. ఒకచోట డ్రైవింగ్ లైసెన్సు, బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు అన్నీ రాసుకుని, హెల్మెట్ సరిచూసి గానీ కారు ఎక్కనివ్వలేదట. ఇంకోచోట డబ్బు కట్టించుకుని, చిన్న అక్షరాల ఇంగ్లీషు కాగితం ముందు పెట్టి "ఇక్కడో సంతకం" అన్నారట. చెల్లెలు ఆ కాగితాన్ని నాకు ఫోన్లో పంపింది. చదివితే సారాంశం ఒక్కటే: ఏం జరిగినా మాది పూచీ కాదు!

కారు వేగం అక్కడా అంతే, ప్రాణం అక్కడా ఒకటే. మరి పద్ధతి మాత్రం చోటుకొకటా?

ఇది ఊరికే భయపెట్టే మాట కాదమ్మా. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివారు గుర్రంగూడలో గోకార్టింగ్‌కు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థిని జుట్టు చక్రంలో చిక్కుకుంది. తలకు దెబ్బ తగిలి ఆ పిల్ల ప్రాణమే పోయింది. జుట్టు ముడివేసి లోపలికి దోపారా లేదా అని చూడడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

సంతకం పెట్టేశాం కాబట్టి ఇక నోరెత్తకూడదని అనుకోకండి. 18 ఏళ్లు నిండని పిల్లలు చేసిన ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. మరీ ఏకపక్షంగా రాసుకున్న షరతుల మీద రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారిని 2019 చట్టం చూపించింది. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. మన ఇంటి కారుకు కట్టే మామూలు బీమా పందేలకు వర్తించదు. ఇక అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం పెట్టుకుంటే అది నేరమే.

అందుకే పిల్లలు వెళ్తామంటే వద్దని కసరకుండా, ఈ నాలుగు మాటలు అడిగి రమ్మనండి:

1. ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా అనుమతి ఉన్న పోటీయేనా?

2. అంబులెన్సు, డాక్టరు పందెం అయ్యేదాకా అక్కడే ఉంటారా?

3. పాల్గొనేవాళ్లకు బీమా ఉందా? ఉంటే ఎంతకు?

4. సంతకం పెట్టిన కాగితం నకలు మనకిస్తారా?

జవాబు చెప్పడానికి నసిగారంటే, కట్టిన డబ్బు పోయినా సరే, ఇంటికి వచ్చెయ్యమనండి. చీర కొంటేనే అంచు నుంచి అంచు దాకా విప్పి చూస్తాం. పిల్లల ప్రాణానికి సంబంధించిన కాగితాన్ని చదవకుండా వదులుతామా?