కారు కింద చమురు మరక

వాహన యజమానులలో ఒక విచిత్రమైన అలవాటు ఉన్నది. వైద్యుడు పరీక్షించి మందు అక్కరలేదని చెప్పినా ఫీజు చెల్లిస్తారు. మెకానిక్ మాత్రం అరపూట కారు కింద పడుకొని, లోపం కనిపెట్టి, ఒక బోల్టు బిగించి పంపితే, బోల్టుకు ఇంత కూలియా అని తగవుకు దిగుతారు. మార్చిన సామానుకే గాని చూచిన చూపుకు వెల కట్టరు. ఇంజను ఆయిలు లీకు అనే సామాన్య రుగ్మత విషయంలో ఈ అలవాటు వారికే ఎంత నష్టం తెస్తున్నదో పాఠకులకు విన్నవించదలచాము.

చమురు బొట్టు రాలిన చోటికీ, బయలుదేరిన చోటికీ తరచు పొంతన ఉండదు. ఇంజను పైభాగాన టాపెట్ కవరు కింది ప్యాకింగు వేడికి గట్టిపడి చిట్లితే, అక్కడ ఊరిన చమురు ఇంజను గోడ వెంబడి జారి, గేరుబాక్సు కలిసే చోట రాలవచ్చును. క్రాంకు వెనుక ఆయిల్ సీలు చెడినా చమురు రాలేది సరిగ్గా అక్కడే. మొదటిది చాలా బండ్లకు కొద్ది గంటల పని. రెండవదానికి గేరుబాక్సు దింపి, క్లచ్, ఫ్లైవీల్ విప్పవలసి ఉంటుంది. సీలు వెల స్వల్పమే, కూలియే బరువు. ఈ రెండింటినీ వేరుచేసి చెప్పగలవాడే మా దృష్టిలో ఉస్తాదు.

అతడు చేసే పరీక్ష ఏమంత రహస్యం కాదు. రాత్రి కారు కింద తెల్లని అట్ట పరిస్తే, రాలినది నల్లని జిడ్డో, ఏసీ నీరో ఉదయానికి తెలుస్తుంది. పిదప చల్లారిన ఇంజనును శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. సగం వైద్యం ఇదే; ఏండ్ల తరబడి పేరుకొన్న మడ్డిలో కొత్త తడిని ఎవరు గుర్తించగలరు? అతుకుల మీద ముఖానికి రాసుకొనే పౌడరు చల్లి, కొంతసేపు ఇంజను నడిపి, ఆపి, టార్చి వేసి చూడాలి. అన్నింటికంటె ఎత్తున తడిసిన చోటు వద్దనే మూలం వెతకాలి. అతినీలలోహిత కాంతికి మెరిసే రంగును ఆయిలులో కలిపి చూచే పద్ధతీ నేడు ఉన్నది.

సర్వీసింగు జరిగిన మరునాడే లీకు కనిపిస్తే ముందు డ్రెయిన్ బోల్టు వాషరునూ, ఫిల్టరునూ అనుమానించాలి. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజనుకే అంటుకొని ఉండగా కొత్తది బిగించడం వింత కాదు. అందరూ ఉపేక్షించేది బ్రీదరు గొట్టం. పిస్టను రింగులను దాటి దిగిన వాయువులు పోయే దారి అది. ఆ దారి మసితో పూడితే లోపల ఒత్తిడి పెరిగి, చమురు సీళ్లను తోసుకొని బయటపడుతుంది. దారి తెరవక సీలు మార్చితే కొత్త సీలుకూ అదే గతి. ఇక లీకు ఆగాలని బోల్టులను బలంకొద్దీ బిగిస్తే రేకు కవరు వంగి, ప్యాకింగు నలిగి, ఉన్న లీకు ఇంకా పెరుగుతుంది.

ఒక్కొక్క అవకాశాన్ని తొలగిస్తూ కారణాన్ని చేరే ఈ తర్కం మన ప్రయోగశాలలో నేర్పే తర్కానికి తీసిపోదు. అయినా తండ్రి మెకానిక్ అని చెప్పడానికి సంకోచించే విద్యార్థులున్నారు. తెలిసీ పెద్ద పని చెప్పే షెడ్లు లేకపోలేదు. వాటిని సమర్థించడం మా ఉద్దేశం కాదు. కాని చూపుకు రాబడి లేక, గేరుబాక్సు దింపితేనే రాబడి ఉన్నచోట, ఏది ముందు జరుగుతుందో ఊహించడం కష్టమా? కనుక సీలు మార్చడానికి ఎంత అని గాక, ఎక్కడ కారుతున్నదో తేల్చడానికి ఎంత అని ముందుగా అడగాలి. ఆ కూలిని పనికి ముందే మాట్లాడుకోవాలి. విప్పిన పాత సామాను చూపమని కోరాలి.

ఎర్రని ఆయిలు దీపం వెలిగేదాకా ఆగరాదు. అది చెప్పేది చమురు మట్టం కాదు, ఒత్తిడి పడిపోయిందని. అప్పుడు వెంటనే ఇంజను ఆపవలసిందే. మరమ్మతు ముగిసిన రాత్రి మళ్లీ ఒక కొత్త అట్ట పరచి, వారం రోజులపాటు గేజి చూడాలి. దించిన ఆయిలును కాలువలో పోయరాదు. 2016 నాటి కేంద్ర నిబంధనలు దానిని ప్రమాదకర వ్యర్థాలలో చేర్చాయి.