సమన్లు చింపితే దావా చిరగదు



గేటు ముందు ధర్నా చేస్తే యాజమాన్యం సివిల్ కోర్టుకు పోయి మనమీద దావా వేయడం పాత ఎత్తే. "కోర్టు వాళ్లది, వీధి మనది, సమన్లు తీసుకోవద్దు" అని మనలోనే కొందరు ప్రచారం చేస్తున్నారు. వినడానికి బాగానే ఉంది. లాభం మాత్రం యజమానికే.

సమన్లు వద్దని తిప్పి పంపినా అందినట్టే కోర్టు లెక్కగడుతుంది. అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు దాఖలు చేయాలి. తగిన కారణం చూపితే 90 రోజుల దాకా గడువు ఇవ్వవచ్చు. దానిమీద ఆశ పెట్టుకోరాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 8వ ఆర్డరు ప్రకారం, దావాలోని ఆరోపణను విడిగా కాదనకపోతే ఒప్పుకున్నట్టే. "అంతా అబద్ధం" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. "గేటు అడ్డగించారు" అన్న పేరాకు, "యంత్రాలు పగలగొట్టారు" అన్న పేరాకు వేరువేరుగా జవాబివ్వాలి. నోరు మూసుకుంటే ఏకపక్షంగా డిక్రీ రావచ్చు. అప్పుడు పోలీసులు మన జెండా దగ్గరికి కోర్టు ఆర్డరు పట్టుకునే వస్తారు.

వకీలు ఫీజు ఎక్కడిదంటారా? 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ కింద పారిశ్రామిక కార్మికుడు ఉచిత న్యాయ సహాయానికి అర్హుడు. దావా వేయడానికే కాదు, ఎదుర్కోవడానికీ. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి.

షోలాపూర్, భివండీ సోదరులకు మేము ప్రత్యేకంగా చెబుతున్నాం: కాగితం మరాఠీలో ఉందనో ఇంగ్లీషులో ఉందనో పెట్టెలో దాచకండి. అందిన తేదీ రాసి, ఆ రోజే యూనియన్ ఆఫీసుకు తెండి. గేటు దగ్గర గెలిచింది కోర్టులో పోగొట్టుకోవద్దు!