సరస్తీరమున మన నడవడి

వేసవి సమీపించుచున్న యీ తరుణమున లడఖ్ సరస్సులను ఈ సంచికకు విషయముగ గైకొనుటకు కారణమొకటి కలదు: ఒకనాడు చాంగ్‌పా పశుపాలకులును, వారి మేకలమందలును మాత్రమే మసలిన సో మొరీరి, సో కర్ తీరములకు నేడు వాహనములు సులువుగ చేరుచున్నవి, మన తెలుగు యాత్రికులును కెమెరాలు, బైనాక్యులర్లు పూని అచటి కేగుచున్నారు.

సుమారు 4,500 మీటర్ల యెత్తున, చెట్టునీడ యెరుగని ఆ శీతల మరుభూమిలో, మంచు కరగిన నీరు నిలిచిన కొద్దిపాటి పచ్చిక బురదనేలలే నల్లమెడ బెగ్గురులకు పుట్టినిల్లు. పిల్లలకు రెక్కలు వచ్చువరకు వానికి లభించునది స్వల్పమైన వేసవియే గనుక, ఛాయాచిత్రమునకై మనము మరి నాలుగడుగులు ముందునకు వేసినపుడు తల్లి గూడు విడిచి లేచిన యెడల గ్రుడ్లు చలిగాలి పాలగును. విడిదుల చెంత పారవేసిన యెంగిళ్ళకు మరగిన కుక్కలు కూనలను పొట్టన పెట్టుకొనును. సో మొరీరి 2002లోను, ఉప్పునీటి సో కర్ తన పొరుగుననున్న మంచినీటి సరస్సుతో గూడి 2020లోను అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల రామ్‌సర్ జాబితా కెక్కినవి. అయినను బురదనేలపై పడిన చక్రపు గాడిని ఏ జాబితాయు మాన్పజాలదు.

అచట గూళ్ళు కట్టెడి పట్టెతల బాతు శీతకాలమున దక్షిణాపథపు చెరువులకు దిగివచ్చెడి జాతియే. కావున అది మనకు పరాయి పక్షి కాదు.

దూరమున గూర్చుండి, ఓర్పుతో చూచుటయందే ఆనందము గన్నవారి రచనలనే యిందు చేర్చితిమి. ప్రయాణము తలపెట్టిన పాఠకులు ముందుగ లేహ్‌లో కొన్నిదినములు విశ్రమించి, పలుచని గాలికి దేహము నలవరచుకొనిన పిదపనే పైకి సాగవలెనని మా ప్రార్థన.