అమెరికా అబ్బాయి సలహా

“లివింగ్ ట్రస్టు పెట్టండి నాయనా” అని అమెరికా నుంచి అబ్బాయి ఫోనులో చెబుతాడు. వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో ఉన్న తండ్రికి దిగులు పట్టుకుంటుంది. అక్కడ విల్లు నిజమైనదేనని ప్రొబేటు కోర్టు తేల్చాలి. ఆ తిరుగుడు తప్పించుకోవడానికే వాళ్లు ట్రస్టు రాస్తారు. మన జిల్లాల్లో హిందువుల విల్లుకు ప్రొబేటు తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తే చెల్లుతుంది. రిజిస్టరు చేయిస్తే మరీ మంచిది.

మరి ట్రస్టు ఎవరికి? తమ తర్వాత సొంతంగా బతకలేని బిడ్డ ఉన్నవారికి. గద్వాలలో ఒక ఇల్లు, దానిమీద అద్దె ఉన్నాయనుకోండి. ఆ అద్దె ఆ బిడ్డ తిండికీ మందులకూ అందాలంటే, ఇంటిని నమ్మకమైన ట్రస్టీకి అప్పగించాలి. 1882 నాటి చట్టం ప్రకారం బతికుండగా రాసే స్థిరాస్తి ట్రస్టు పత్రం రిజిస్టరు కావలసిందే. రద్దు హక్కు కావాలంటే అందులోనే రాసుకోవాలి.

నా భయమంతా దానపత్రంతోనే. “ఎలాగూ వాడిదేగా” అంటూ ఉన్న ఒక్క ఇల్లూ రాసిచ్చే తల్లులకేం తక్కువ! ఇచ్చేదే అయితే, “మమ్మల్ని పోషించాలి” అన్న షరతు పత్రంలో పెట్టించండమ్మా. అరవై నిండినవారు రాసిన అటువంటి పత్రాన్ని, కొడుకు మాట తప్పితే, 2007 నాటి వృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకోవచ్చు. షరతు రుజువు కాకపోతే ఆ సెక్షన్ వర్తించదని 2022లో సుప్రీంకోర్టు ఒక తల్లి కేసులోనే చెప్పింది. దరఖాస్తు ఆర్డీవో ముందు పెట్టుకోవాలి.