చదరంగ విజేతలు – మన పాఠశాల కర్తవ్యము

చదరంగము మన దేశముననే పుట్టినదని చరిత్రకారులలో పెక్కురు చెప్పుదురు. రథ గజ తురగ పదాతులను నాలుగు సేనాంగములను బట్టి దానికి పూర్వము చతురంగమని పేరు గలిగెను. అట్టి యాట తన పుట్టినింట చిరకాలము కేవల వినోదముగా నుండిపోయి, పరదేశములందు శాస్త్రముగా వృద్ధి నొందెను. ప్రపంచ చదరంగ సమాఖ్య యొసగు బిరుదములలో నుత్తమమైన గ్రాండ్‌మాస్టరు బిరుదమును మన దేశీయుడు మొట్టమొదట బడసినది 1988వ సంవత్సరమున. ఆయన చెన్నపట్టణపు విశ్వనాథన్ ఆనందు. నేడా బిరుదము గలవారు మన దేశమున 80 మందికి మించియున్నారు. వారిలో తెలుగువారి భాగము స్వల్పము కాదు.

గుంటూరువాడగు పెంటేల హరికృష్ణ 2001లో ఆ బిరుదమును బొంది, 2004లో కొచ్చిన్‌లో జరిగిన పోటీలో ప్రపంచ యువ విజేత యయ్యెను. 1987లో ఆనందు గెలిచిన పిమ్మట ఆ గౌరవము మఱల మన దేశమునకు వచ్చుట అదియే మొదలు. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో, పదునైదేండ్లు నిండిన రెండు నెలలలోపుననే గ్రాండ్‌మాస్టరై, అంతవఱకు హంగరీ దేశపు జూడిట్ పోల్గార్ పేర నున్న బాలికల రికార్డును మూడు నెలల యంతరముతో దాటెను. భారతస్త్రీలలో ఆ బిరుదము నందిన మొదటి యామె ఈమెయే. గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టరై, 2012, 2015, 2017 సంవత్సరములలో మూడు మాఱులు ప్రపంచ మహిళా పోటీలలో కాంస్యపతకమును గొనెను. వరంగల్లున 2003లో జన్మించిన ఎరిగైసి అర్జున్ పదునాలుగేండ్లకే, 2018లో, ఆ బిరుదమును సాధించెను. 2024 డిసెంబరు పట్టికలో అతని రేటింగు 2800 దాటెను. భారతీయులలో ఆనందు తర్వాత ఆ మెట్టెక్కినవాడు అతడొక్కడే.

2024 సెప్టెంబరులో బుడాపెస్టు నగరమున జరిగిన చదరంగ ఒలింపియాడులో మన పురుషుల జట్టును, స్త్రీల జట్టును రెండును స్వర్ణపతకములు గెలిచినవి. మొదటి జట్టులో హరికృష్ణయు అర్జునుడును, రెండవదానిలో హారికయు నుండిరి. అర్జునుడు 11 ఆటలలో 10 అంకములు గడించి, ఒక్క ఆటయైన నోడక తన స్థానమునకు ప్రత్యేక స్వర్ణమును గూడ దెచ్చెను. ఆ డిసెంబరుననే చెన్నపట్టణపు తెలుగు కుటుంబములో బుట్టిన గుకేశ్ సింగపూరున పదునెనిమిదేండ్ల ప్రాయమున ప్రపంచ విజేత యయ్యెను.

ఈ విజయములను జదివి మనము గర్వించుట సహజము. కాని గర్వముతో నాగిపోవుట తగదు. వీరందఱును పుట్టుకతోనే మేధావులని పొగడి పత్రికను మడిచిపెట్టుదుము. ఆ మేధ వెనుక నొక ఇల్లు నిలిచియున్నదని తఱచుగా మఱతుము. హంపి తండ్రి అశోకు గారు స్వయముగ చదరంగమెఱిగినవారు. రసాయనశాస్త్రము బోధించు తమ యుద్యోగమును వదలి కూతునకు గురువైరి. గుకేశ్ తండ్రి వైద్యుడు; కుమారుని వెంట దేశదేశములు తిరుగుటకై తన వృత్తిని ప్రక్కకు బెట్టెను. అర్జునుని తండ్రియు వైద్యుడే. 2017లో తల్లియైన హంపి, రెండేండ్లకే మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ విజేత యయ్యెను. 2024లో న్యూయార్కులో మొదటి యాటనే యోడియు, తుదకు 11కు 8½ అంకములతో ఆ కిరీటమును రెండవ పర్యాయము గెలిచెను. ఆమె పరదేశమున ఆడుచుండగా ఇంట బిడ్డను జూచుకొను పెద్దలుండిరి గనుకనే యది సాధ్యమయ్యెను. ఇట్టి ఇండ్లకు మనము నమస్కరింపవలెను. వారి ప్రతిభను గాని శ్రమను గాని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు.

అయితే ఇట్టి యిల్లు లేని బిడ్డ గతి యేమి? గ్రాండ్‌మాస్టరు కావలెనన్న 2500 రేటింగు చేరుటయే గాక, గొప్ప పోటీలలో మూడు పర్యాయములు నిర్ణీతమైన ఉన్నతస్థాయిని గనబఱుపవలెను. ఆ పోటీలలో గ్రాండ్‌మాస్టరులతోను, అన్యదేశీయులతోను ఆడినగాని సాధారణముగా ఆ స్థాయి లెక్కకు రాదు. అనగా ప్రయాణపు ఖర్చు, శిక్షకుని జీతము, పోటీల రుసుము, వెంటవచ్చు పెద్దల కాలము – ఇవన్నియు గావలెను. మన శామీర్‌పేట చెఱువు చుట్టునుగల పల్లెలలో కూలికి పోవువారును, చిన్న సేద్యము చేయువారును, కార్ఖానాలలో రాత్రి పనికి పోవువారును గలరు. వారి పిల్లలలో తెలివి తక్కువ యని యెవ్వరు చెప్పగలరు? తెలివి యెల్లచోట్ల బుట్టును. అవకాశము మాత్రము కొన్ని యిండ్లనే బుట్టుచున్నది. ఇల్లు చేయలేనిదానిని పాఠశాల చేయవలెను. ఇదియే నా మనవి.

ఆర్మీనియా యను చిన్న దేశము 2011 నుండి ప్రాథమిక పాఠశాలలలో చదరంగమును నిర్బంధ పాఠ్యవిషయముగా జేసెను. మనమంత దూరము పోనక్కఱలేదు. పది చదరంగపు బోర్డులు, శనివారము సాయంకాల మొక గంట, ఒక పుస్తకము చాలును. ఆ పుస్తకమున బ్రతి విద్యార్థియు తానాడిన యెత్తులను వరుసగా వ్రాయవలెను. పెద్ద పోటీలలో నిట్లు వ్రాయుట నియమము. ఓడినవాడు మఱునాడు దానిని విప్పి, ఏ యెత్తున తన గుఱ్ఱము దారి తప్పెనో, ఏ బంటును అలక్ష్యము చేసి రాజును పోగొట్టుకొనెనో వెదకవలెను. ఈ యాటలో నోడినవాడు ఎండను, గాలిని, జతగానిని నిందింపజాలడు. తన తప్పును దాను వెదకి దిద్దుకొను నలవాటు గణితమునకును పనికివచ్చును, జీవితమునకును పనికివచ్చును.

ఆటవలన చదువు చెడునని కొందఱు తల్లిదండ్రులు భయపడుదురు. హద్దులేని యే పనివలననైనను చదువు చెడును. వారమున కొక గంట వలన చెడదు. బిరుదము మీది యాశతో బడి మానిపించుటను నేనును సమ్మతింపను. వేలమందిలో నొక్కనికి దొరకు బిరుదమును నమ్ముకొని తక్కినవారి చదువును పణముగా బెట్టరాదు. బోధింపగల గ్రాండ్‌మాస్టరు మనకు లేడని వేఱొక యాక్షేపణ. మొదటి మెట్టుకు గ్రాండ్‌మాస్టరక్కఱలేదు. హరికృష్ణకు మొదట ఆట నేర్పినది తాతగారే.

బాలికల విషయమున నొక మాట. ఆ పది బోర్డులలో అయిదు వారివిగా నుండవలెను. హారిక 2022లో నిండుచూలాలై యుండియు మహాబలిపురపు ఒలింపియాడున ఆడి, జట్టునకు కాంస్యము దెచ్చుటలో భాగస్వామిని యయ్యెను. 2025 జూలైలో బటూమి నగరమున మహిళా ప్రపంచ కప్పు తుదిపోరున నెదురెదురుగా గూర్చున్న హంపియు, దివ్యా దేశ్‌ముఖ్‌యు నిరువురును భారతీయులే. గెలిచినది పందొమ్మిదేండ్ల దివ్య. ఇట్టి కాలమున ఆడపిల్ల కీ యాట యేల యని యడుగుట న్యాయము కాదు.

పూర్వవిద్యార్థులారా! మీరు తలకొక బోర్డు నిచ్చిన చాలును. ఉపాధ్యాయులారా! ఆ గంటను వేఱు పనులకు వాడనీయకుడు. ఏటేట నిరువురు బాలురను, నిరువురు బాలికలను పాఠశాల ఖర్చుతో జిల్లా పోటీలకు బంపుదము. వారిలో నెవ్వరును గ్రాండ్‌మాస్టరులు గాకపోవచ్చును. కాని ప్రతిభ యుండియు బోర్డు లేక యాడలేకపోయిన బిడ్డ మన పాఠశాలలో నొక్కడును మిగులకుండుగాక!