ఆర్కేడియాకు గుండె లేదన్నవారితో

టామ్ స్టాపర్డ్ పేరెత్తగానే నాటకాలు బాగా తెలిసినవాళ్లు కూడా ఒక మాట అంటారు: తెలివి ఉంది, తడి లేదు. ‘ఆర్కేడియా’ దగ్గరికొచ్చేసరికి ఆ మాట ఇంకాస్త గట్టిపడుతుంది. 1993 ఏప్రిల్‌లో లండన్ నేషనల్ థియేటర్‌లో ట్రెవర్ నన్ దర్శకత్వంలో తొలిసారి ఆడిన నాటకం ఇది. మరుసటి ఏడాది ఉత్తమ కొత్త నాటకంగా ఒలివియర్ అవార్డు అందుకుంది. ముప్పై ఏళ్లు దాటినా ఇంకా ఆడుతూనే ఉన్నారు. మెచ్చుకునేవాళ్లు కూడా మెచ్చుకుంటూనే పెదవి విరుస్తారు. ఇందులో మంచి ప్రేమకథ ఉందట, దాన్ని తీసుకెళ్లి లెక్కల మాస్టారి చేతిలో పెట్టాడట. ఎంట్రపీ, కేయాస్, ఫెర్మా సిద్ధాంతం, కవి బైరన్ ఉత్తరాలు అన్నీ పైపై నగలట. అవి తీసేస్తే కళ్లు చెమర్చే నాటకం మిగిలేదట.

ఈ అభిప్రాయం పూర్తిగా తప్పని నా నమ్మకం. అవి తీసేస్తే మిగిలేది ఒక ట్యూటరు, ఒక జమీందారు కూతురు, ఒక అగ్నిప్రమాదం. ఆ మూడింటితో ఎన్ని కథలు రాలేదు, ఎన్నింటిని మనం మర్చిపోలేదు? ఈ కథను మర్చిపోలేకపోవడానికి కారణం ఆ లెక్కలే.

ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో సిడ్లీ పార్క్ అనే పెద్ద భవంతి. అందులో ఒకే గది, మధ్యలో ఒక పొడవాటి బల్ల. 1809లో ఆ బల్ల దగ్గర పదమూడేళ్ల థామసీనా కవర్లీ, ఇరవై రెండేళ్ల ట్యూటర్ సెప్టిమస్ హాడ్జ్ కూర్చుంటారు. రంగం మారితే అదే గది, అదే బల్ల, మన కాలం. పాత కాగితాలు తవ్వే రచయిత్రి హానా జార్విస్, బైరన్ రహస్యం పట్టుకున్నాననుకునే యూనివర్సిటీ మేష్టారు బెర్నార్డ్ నైటింగేల్, తాతలనాటి వేట పుస్తకాల్లోంచి గ్రౌస్ పిట్టల జనాభా లెక్కలు తీస్తున్న ఆ ఇంటి కుర్రాడు వాలెంటైన్. రెండు కాలాలు మారుతూ ఉంటాయి కానీ బల్ల మీద సామాను ఎవరూ తీయరు. ఆ కాలంవాళ్లు పెట్టినవీ ఈ కాలంవాళ్లు పెట్టినవీ ఒకచోటే పోగవుతూ ఉంటాయి.

ఆ బల్ల మీద ఒక ఆపిల్ పండు సంగతి చెప్తాను. వాలెంటైన్ తమ్ముడు గస్ మాట్లాడడు. హానా అంటే వాడికి చెప్పలేనంత ఇష్టం. ఒక రంగం చివర, ఆకులింకా ఊడని ఆపిల్ ఒకటి తెచ్చి ఆమె చేతికిస్తాడు. వెంటనే రంగం 1809కి మారుతుంది. పండు బల్ల మీదే ఉంటుంది. సెప్టిమస్ దాన్ని కోసుకుని తింటాడు. ఆ పండు తాలూకు ఆకును థామసీనా చేతిలోకి తీసుకుంటుంది. వృత్తాలకూ త్రిభుజాలకూ సమీకరణం ఉన్నప్పుడు ఆకుకు ఎందుకు ఉండకూడదని ఆ పిల్ల ప్రశ్న. దాన్ని లెక్కల్లో పట్టుకుంటానని అక్కడే పంతం పడుతుంది. మూగ కుర్రాడి ప్రేమ కానుక రెండు శతాబ్దాలు వెనక్కి వెళ్లి ఒక గణిత సిద్ధాంతానికి విత్తనమైంది. దీన్ని చూసినవాళ్లు కూడా ప్రేమ ఒకవైపు, శాస్త్రం ఒకవైపు అని ఎలా విడదీస్తారో నాకు అంతుపట్టదు.

ఇక నాటకానికి మూలకందం లాంటి జామ్ సంగతి. రైస్ పుడ్డింగులో చెంచాడు జామ్ వేసి తిప్పితే ఎర్రని చారలు పడతాయి. వెనక్కి తిప్పితే ఆ చారలు మళ్లీ చెంచాడు జామ్‌గా ఎందుకు కూడుకోవు? పదమూడేళ్ల పిల్ల మొదటి రంగంలోనే అడిగే ప్రశ్న ఇది. మనకు పుడ్డింగు అక్కర్లేదు, పెరుగన్నం చాలు. తెల్లటి పెరుగన్నం మీద ఆవకాయ ఊట ఒక్క చుక్క వేసి వేలితో కుడివైపు నాలుగు చుట్లు తిప్పండి. ఎర్రగీతలు సాగి, విరిగి, లేత నారింజ రంగులోకి దిగుతాయి. ఇప్పుడు ఎడమవైపు నాలుగు చుట్లు తిప్పండి. చుక్క తిరిగి రాదు, రంగు ఇంకా పాకుతుంది. చిన్నప్పుడు కంచం ముందు మనందరం చేసిన పనే. ఎందుకలా అని అడిగినవాళ్లం తక్కువ.

ఆ అడగడంలోనే థామసీనా మేధ ఉంది. న్యూటన్ సూత్రాలు ముందుకు ఎలా నడుస్తాయో వెనక్కీ అలాగే నడుస్తాయి. విసిరిన బంతి సినిమాను తిరగేసి చూపించినా మనకు తేడా తెలియదు. వేడి అలా కాదు. అది వేడిగా ఉన్నచోటి నుంచి చల్లగా ఉన్నచోటికే పోతుంది, తనంతట తాను వెనక్కి రాదు. వేడి ప్రసారం మీద ఫోరియర్ రాసిన వ్యాసానికి పారిస్ అకాడమీ 1812లో బహుమతి ఇచ్చింది. నాటకం కూడా 1812కి జరిగాక థామసీనా చేతికి వచ్చే ఫ్రెంచి వ్యాసం అలాంటిదే. దాన్ని చదివి, తోటలో దడదడలాడే ఆవిరి యంత్రాన్ని చూసి, పెట్టిన వేడి అంతా పనిగా తిరిగి రాదని ఆ పిల్ల ఒక బొమ్మ గీస్తుంది. వేడి యంత్రాల మీద కార్నో రాసిన పుస్తకం రావడానికి ఇంకా పన్నెండేళ్లు ఉంది. ఉష్ణగతిక శాస్త్ర రెండో నియమాన్ని క్లాసియస్ స్పష్టంగా చెప్పడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

దీనికీ ప్రేమకూ ఏమిటి సంబంధం అంటారా? కాలం ఒకవైపే నడుస్తుందన్నది మనకు తెలిసిన పాత మాట. కానీ మాటగా తెలియడం వేరు, కళ్లముందు కదిలే జామ్ చారలా తెలియడం వేరు. వాలెంటైన్ హానాకు చెప్తాడు: నీ టీ దానంతట అది చల్లారుతుంది కానీ దానంతట అది వేడెక్కదు, విశ్వమంతా ఆ కప్పు దారినే పోతోంది అని. ఆ రంగం తర్వాత మనం ప్రతి పాత్రనూ చల్లారుతున్న కప్పుగానే చూస్తాం. పదిహేడో పుట్టినరోజుకు ముందు రాత్రి థామసీనా మంటల్లో చనిపోయిందని హానా నోట విన్నప్పుడు అది దుర్ఘటనగా వినపడదు. ఇక వెనక్కి తిప్పలేని చెంచా తిరగడంగా వినపడుతుంది. నాటకకర్త కన్నీళ్లు అడగలేదు. ఆ కన్నీళ్లు ఎందుకు వస్తాయో గంటన్నర ముందు నుంచీ నేర్పుతూ వచ్చాడు. అదే దీని రసం.

రెండో శాస్త్రం కేయాస్. దీన్ని మరీ ఎక్కువగా ఫ్యాషన్ అని తీసిపారేస్తారు. కాగితం, పెన్నూ తీసుకోండి. ఒక పిట్టల గుంపు సంఖ్యను సున్నాకూ ఒకటికీ మధ్య ఉన్న అంకెగా అనుకోండి. ఆ అంకెను, ఒకటిలోంచి దాన్ని తీసేస్తే మిగిలినదాంతో గుణించి, వచ్చినదాన్ని నాలుగుతో హెచ్చించండి. అది వచ్చే ఏటి సంఖ్య. దాన్నే మళ్లీ అదే లెక్కలోకి పంపండి. 0.2తో మొదలుపెడితే మొదటి ఏడు 0.64 వస్తుంది. 0.201తో మొదలుపెడితే 0.642. దాదాపు ఒకటే. ఏడో ఏటికి ఒకటి 0.113, రెండోది 0.033. ఎనిమిదో ఏటికి 0.402, 0.129. మొదట్లో వెయ్యోవంతు తేడా, ఎనిమిదేళ్లకు రెండు వేర్వేరు లోకాలు. పర్యావరణ శాస్త్రవేత్త రాబర్ట్ మే 1976లో ‘నేచర్’ పత్రికలో లోకానికి చూపించిన లెక్క ఇలాంటిదే. వాలెంటైన్ గ్రౌస్ పిట్టల్లో వెతికేదీ ఇదే. జవాబును మళ్లీ ప్రశ్నగా చేసి పంపే ఈ పద్ధతిని థామసీనా తన నోటుపుస్తకంలో మొదలుపెట్టింది. ఆమెకు లేనిది తెలివి కాదు, కంప్యూటర్. వాలెంటైన్ మీట నొక్కితే జరిగే పనికి ఆమెకు ఓ జీవితం చాలదు.

ఆ జీవితాన్ని మరొకరు ఇచ్చారు. నాటకం గుండె అక్కడుంది. తెలివి తప్ప ఇంకేమీ లేదన్నవాళ్లు చూడకుండా దాటేసిందీ అక్కడే.

సిడ్లీ పార్క్ తోటలో ఒక కుటీరం, అందులో ఒక సన్యాసి. ఒంటరిగా బతికి 1834లో నలభై ఏడేళ్లకు చనిపోయాడు. కుటీరం నిండా లెక్కల కాగితాలు దొరికాయి. పిచ్చివాడి గీతలన్నారు. హానా మొదట్లో ఆ సన్యాసిని ఒక గుర్తుగా వాడుకోవాలనుకుంటుంది. ఆలోచన అనే చక్కటి తోట, భావోద్వేగం అనే అడవిలోకి జారిపోయిన పతనానికి అతను ఆనవాలని ఆమె సిద్ధాంతం. తల వేరు, గుండె వేరు అన్న సిద్ధాంతమే ఇది. మన విమర్శకులు ఈ నాటకం మీద మోపే కొలబద్ద కూడా ఇదే.

నాటకం ఆ కొలబద్దను ఆమె చేతుల్లోనే విరిచేస్తుంది. ఆ సన్యాసి సెప్టిమస్. థామసీనా పోయాక ఇరవై రెండేళ్లపాటు, ఆమె వదిలిపోయిన సమీకరణాలను చేత్తో, అంకె తర్వాత అంకెగా నడిపించాడు. ఆ పిల్ల లెక్క ప్రకారం విశ్వం చల్లారిపోతుంది. దానికి గణితంలోనే ఎక్కడో విరుగుడు దొరుకుతుందేమోనని అతని ఆశ. ఇది ఆలోచనా? శోకమా? తాజ్‌మహల్ కట్టినవాడి దుఃఖాన్ని ప్రేమ అని ఒప్పుకునే మనం, ఇరవై రెండేళ్లు గుణకారాలు చేసినవాడి దుఃఖాన్ని పొడి తెలివి అంటామా? పక్కన కూర్చుని వెక్కి ఏడ్చే ప్రియుణ్ణి చూపించి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. చనిపోయిన పిల్ల మెదడును తన చేతివేళ్లతో బతికించుకుంటూ పోయిన మనిషిని చూపించాడు కనుక చల్లదనం అన్నారు.

పాండిత్యం విషయంలోనూ ఇంతే పొరపాటు. బెర్నార్డ్‌ను చూసి, నాటకం పరిశోధకులను ఎగతాళి చేస్తోందని తేల్చేస్తారు. చేస్తోంది, నిజమే, కానీ అతని తొందరను. బైరన్ ద్వంద్వయుద్ధంలో ఎజ్రా చేటర్ అనే చిన్నపాటి కవిని చంపాడని బెర్నార్డ్ మూడు కాగితాలు ముందేసుకుని తీర్మానిస్తాడు, పత్రికలకెక్కుతాడు. చివరికి ఒక డాలియా పువ్వు చరిత్ర అతన్ని కూల్చేస్తుంది. చేటర్ మార్టినీక్ దీవిలో కోతి కరిచి చనిపోయాడు. ఆ సంగతి హానాకు తోటల పుస్తకాల్లో దొరుకుతుంది. ఒకే వెతుకులాటలో ఒకరు తమ పేరును వెతికారు, ఒకరు మనిషిని వెతికారు. నాటకం ఎవరి పక్షమో స్పష్టం. తెలుసుకోవాలన్న తపనే మనల్ని మనుషుల్ని చేస్తుందన్న నమ్మకం హానాది. అది ప్రేమకు దూరపు చుట్టం కాదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. శాస్త్రం ఎందుకు, ఒక మంచి పద్యం చాలదా అన్న వాదన నాటకంలోనే ఉంది. దాన్ని చేసేది బెర్నార్డ్. బైరన్ పద్యం చదివి మరీ వాలెంటైన్‌ను చిన్నబుచ్చుతాడు. ఆ ప్రసంగం చాలా బాగుంటుంది, హాల్లో చప్పట్లు పడతాయి. చాలామంది దాన్నే స్టాపర్డ్ గొంతు అనుకుంటారు. కానీ ఆ గొంతును అసలు విషయంలోనే పొరబడ్డ మనిషికి ఇచ్చాడు నాటకకర్త. లెక్కలు తీసేస్తే బాగుండేదన్న విమర్శకుడు నాటకం ఆసాంతం ఖండించిన మాటనే మళ్లీ పలుకుతున్నాడు.

రసం, శాస్త్రం ఒక ఒరలో ఇమడవన్న మాట మన నాటక చర్చల్లోనూ వింటాను. బాధ కలుగుతుంది. మన భాషలో కావ్యాలు కుదురుకుంటున్న తొలి రోజుల్లోనే పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. భాస్కరాచార్యుడు లేడికళ్ల లీలావతిని పిలిచి, తుమ్మెదలనూ తామరలనూ చూపించి లెక్క అడిగాడు. లెక్క చెప్పే గురువు, అడిగే పిల్ల, వాళ్ల మధ్య పూలూ తుమ్మెదలూ. థామసీనా మనకు అంత పరాయిదేం కాదు. రసానికీ శాస్త్రానికీ మధ్య గీత ఎప్పుడు గీసుకున్నామో కానీ మనకు అది పుట్టుకతో వచ్చింది మాత్రం కాదు.

ఒకటి ఒప్పుకుంటాను. శాస్త్రాన్ని పైపూతగా వాడుకున్న నాటకాలు ఉన్నాయి. ఒక పాత్రను ప్రొఫెసర్‌గా పెట్టి, బోర్డు మీద నాలుగు సమీకరణాలు రాసి, తర్వాత మామూలు కుటుంబ కథ నడిపేవి. అక్కడ సమీకరణం బదులు వీణ పెట్టినా కథ చెడదు. ‘ఆర్కేడియా’ కష్టమైన నాటకం అన్నదీ నిజం. మాటల వేగంలో నటులు జామ్ ప్రశ్నను పరుగుమీద దాటేస్తే ప్రేక్షకుడికి చివరిదాకా దారి దొరకదు. అది ఆడించేవాళ్లు చూసుకోవాల్సింది. అసలు చూడాల్సినది ఒకటే: శాస్త్రాన్ని తీసేస్తే కథ నిలబడుతుందా? ఇక్కడ ఆఖరి రంగం నిలబడదు.

ఆ రంగంలో రెండు కాలాలూ ఒకేసారి వేదిక మీదకొస్తాయి. ఈ కాలంవాళ్లు విందు కోసం పాతకాలపు బట్టలు వేసుకుని ఉంటారు. థామసీనా గీసిన వేడి బొమ్మను ఒకవైపు సెప్టిమస్, మరోవైపు వాలెంటైన్ ఒకేసారి చూస్తూ, ఒకేసారి అర్థం చేసుకుంటారు. లోకం చల్లారిపోతుందని సెప్టిమస్‌కు తెలిసిన క్షణం అది. ఆ పిల్ల దానికి జవాబుగా నాట్యం చేద్దాం అంటుంది. వాల్ట్‌జ్ నేర్పమని అడుగుతుంది. ఆమె వ్యాసానికి అతను పూర్తిగా అర్థం కాకపోయినా నమ్మకంతో మంచి మార్కు వేసి ఉంటాడు. ఆమె కొవ్వొత్తి వెలిగించి ఇస్తాడు, మంట జాగ్రత్త అంటాడు. ఆమె మేడ మీదకి వెళ్లదు. కొవ్వొత్తినీ వ్యాసాన్నీ బల్ల మీద పెడుతుంది. ఇంకొక్కసారి, పుట్టినరోజు కోసం అంటుంది. అప్పుడే గస్ వచ్చి హానా చేతిలో పాత బొమ్మ ఒకటి పెడతాడు. తాబేలును పట్టుకున్న సెప్టిమస్ బొమ్మ అది. కుటీరంలో సన్యాసికి తోడున్నదీ ఒక తాబేలే. ఆ సన్యాసి ఎవరో తేల్చే ఆఖరి ఆధారం. తర్వాత ఆమె ముందు వంగి నాట్యానికి పిలుస్తాడు. ఆమెకు నాట్యం రాదు, అయినా లేస్తుంది. రెండు జంటలు ఒకే సంగీతానికి, ఒకరికొకరు కనపడకుండా, ఆ బల్ల చుట్టూ తిరుగుతుంటారు. బల్ల మీద కొవ్వొత్తి వెలుగుతూనే ఉంటుంది.